స్ప్రేయరు ట్రాక్టరుకెక్కింది – కూలివాడి లెక్క ఎవరు కడతారు?

మిరపకూ పత్తికీ మందు కొట్టే పని వీపు మీది పంపు నుంచి క్రమంగా ట్రాక్టరు మీదికి మారుతోంది. పల్నాడులోనైనా, ప్రకాశంలోనైనా, ఖమ్మం, వరంగల్ పత్తి చేలల్లోనైనా ఈ మార్పు అందరి కళ్ళకూ కనబడుతున్నదే. ఇందులో ఒక మెట్టు గురించి వ్యవసాయ కార్మికులు తప్పకుండా తెలుసుకోవాలి. ట్రాక్టరు వెనక రెండు చక్రాల మీద ఈడ్చుకుపోయే స్ప్రేయరును, ఆ చక్రాలు ఊడదీసి, ట్రాక్టరు హైడ్రాలిక్ చేతులకే తగిలించడం ఆ మెట్టు. వెల్డింగు షాపులో ఒకటి రెండు రోజుల పని. కానీ ఆ పని సరిగా జరగకపోతే ముందు ప్రాణం మీదికి వచ్చేది డ్రైవరుకూ, మందు కలిపే కూలికీ. ట్రాక్టరు యజమాని ఇంటి అరుగు మీద ఉంటాడు.

ఎందుకు మారుస్తున్నారు?

ఈడ్చే స్ప్రేయరు నాలుగు చక్రాల బండికి ఇంకో రెండు చక్రాలు తగిలించినట్లు. చేను చివర మలుపు తిరిగేటప్పుడు ఆ వెనక చక్రాలు ట్రాక్టరు జాడలో నడవవు. లోపలికి కోసుకుపోయి రెండు మూడు సాళ్ళు తొక్కేస్తాయి. వాన పడిన నల్లరేగడిలో దిగబడతాయి. వెనక్కి నడపాలంటే తోక ఒకవైపు, తల ఒకవైపు. గట్టు దాటించాలంటే మనుషులు దిగి నెట్టాలి.

అదే హైడ్రాలిక్ చేతులకు తగిలిస్తే మలుపులో పైకెత్తుకోవచ్చు. చిన్న కమతంలోనూ తిరుగుతుంది. కౌలు రైతుకు అద్దె ట్రాక్టరు దొరికితే చాలు. మారుస్తున్న కారణం సబబైనదే. ఎలా మారుస్తున్నారన్నదే ప్రశ్న.

కాపాడే అమరికే ముంచేస్తుంది

ట్రాక్టరు వెనక కింద రెండు చేతులూ, పైన ఒక టాప్ లింకూ ఉండే ఈ మూడు చోట్ల అమరిక ఐర్లండుకు చెందిన రైతు బిడ్డ హారీ ఫెర్గూసన్ తీర్చిదిద్దినది. 1926లో దానికి పేటెంటు వచ్చింది. 1939లో ఫోర్డు ట్రాక్టరుతో కలిసి అది పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చింది. అంతకుముందు నాగలి కర్రు రాయికి తగిలితే ట్రాక్టరు ముందు భాగం లేచి, తిరగబడి డ్రైవరు మీద పడేది. కొత్త అమరికలో నాగలికి భూమి అడ్డుపడిన కొద్దీ టాప్ లింకు ముందుకు తోసి, ముందు చక్రాలను నేలకు అదిమి పెడుతుంది.

అయితే స్ప్రేయరు భూమిలో దిగే పనిముట్టు కాదు. అది గాలిలో వేలాడే బరువు. దానివల్ల ముందు చక్రాలు అదమబడటం అటుంచి, తేలిపోతాయి. నాగలి కట్టినప్పుడు డ్రైవరును కాపాడిన అమరికే స్ప్రేయరు కట్టినప్పుడు ముంచవచ్చు.

లెక్క చూడండి. లీటరు నీరు కిలో బరువు. 400 లీటర్ల ట్యాంకు నిండితే 4 క్వింటాళ్ళు. ఇనుప చట్రం, పంపు, రెక్కలు కలిసి ఇంకో 2 క్వింటాళ్ళు అనుకోండి. మొత్తం 6 క్వింటాళ్ళు. ట్రాక్టరు బరువు 1800 కిలోలనీ, ముందు ఇరుసు మీద అందులో 720 కిలోలు ఉన్నాయనీ, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 1.9 మీటర్లనీ అనుకుందాం. ఈడ్చే స్ప్రేయరు చట్రాన్ని ఉన్నదున్నట్లు పొడవుగా తగిలిస్తే దాని బరువు వెనక ఇరుసుకు 1.4 మీటర్ల దూరాన పడుతుంది. ఆరువందలను 1.4తో హెచ్చవేసి 1.9తో భాగిస్తే 442 కిలోలు. అంటే ముందు ఇరుసు మీద అంత బరువు తగ్గిపోయి, 278 కిలోలే మిగిలాయి.

ట్రాక్టరు బరువులో కనీసం ఐదో వంతు ముందు ఇరుసు మీద ఉండాలన్నది ఇంజనీర్లు పాటించే నియమం. మన లెక్కలో అది 360 కిలోలు. మిగిలినవి 278. స్టీరింగు తిప్పినా చక్రం మాట వినదు. గట్టు ఎక్కేటప్పుడు ముక్కు లేస్తుంది. కుదుపుకు బరువు ఇంకా పెరిగినట్లే పనిచేస్తుంది.

ఇదే చట్రాన్ని కోసి పొట్టి చేసి, ట్యాంకును వెనక ఇరుసుకు 1 మీటరు దూరానికి జరిపితే తగ్గేది 316 కిలోలే. ముందు 404 కిలోలు నిలుస్తాయి. ఇంకా పెద్ద ట్యాంకయితే ముందు బంపరుకు దిమ్మెలు కట్టి తీరాలి. “లిఫ్టు ఎత్తుతోంది గదా, ఇంకేం” అనే మాట చెల్లదు. లిఫ్టు ఎత్తగలగడం వేరు, ట్రాక్టరు నేల మీద నిలబడటం వేరు.

షాపులో చూసుకోవలసినవి

ఈడ్చే స్ప్రేయరులో బరువంతా తన ఇరుసే మోస్తుంది. తగిలించిన తర్వాత ఆ బరువు మూడు పిన్నుల మీద పడుతుంది. అందుకని ముందు వైపు నిలువుగా ఒక స్తంభం లేపి, దాని తల నుంచి చట్రం వెనక చివరకు ఏటవాలు బద్దీలు వేయాలి. ఉత్త అతుకు మీద బరువు వేలాడదీస్తే నెలలోపే నెర్రె పట్టి ఊడుతుంది.

మొదటి కేటగిరీ ట్రాక్టర్లకు కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19 మిల్లీమీటర్లు. కింది రెండు పిన్నుల మధ్య 683 మిల్లీమీటర్లు, కింది పిన్ను నుంచి పై పిన్నుకు ఎత్తు 460 మిల్లీమీటర్లు. ఈ కొలతలకు చేస్తే ఊళ్ళో ఏ ట్రాక్టరుకైనా, ఏ కౌలుదారుకైనా పనికొస్తుంది. ఒక మోతుబరి ట్రాక్టరు కొలతకే చేస్తే ఆయన గుమ్మం ముందు నిలబడవలసిందే.

పక్క చెయిన్లు బిగించాలి. లేకపోతే ట్యాంకు ఉయ్యాలలా ఊగుతుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి. లోపల అడ్డుపలకలు లేని ట్యాంకు మరీ ప్రమాదం. చక్రాలు పోయాయి కనుక దించినప్పుడు నిలబడటానికి కాళ్ళు పెట్టాలి. లిఫ్టు మీద ఎత్తి ఉంచి, దాని కింద దూరి నాజిల్ కడగటం ఎవరు చెప్పినా చేయవద్దు. లివరు తగిలితే చాలు, 6 క్వింటాళ్ళు మీద పడతాయి.

మందు ఉన్న ట్యాంకును పెట్టుకొని వెల్డింగు చేయించరాదు. ముందు కడిగి, విప్పి, దూరంగా పెట్టాలి. మందు పట్టిన ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగ విషం. ఆ కడిగిన నీళ్ళు కాలవలో పొయ్యకూడదు. కింద పశువులు తాగుతాయి, పిల్లలు ఈదుతారు.

తిరిగే షాఫ్టు ఎవరినీ చూడదు

పంపును తిప్పేది పీటీఓ షాఫ్టు. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. 35 మిల్లీమీటర్ల కడ్డీ మీద కండువా అంచు పడితే సెకనుకు మీటరు చొప్పున లాగేసుకుంటుంది. రెండు మీటర్ల కండువాకు రెండే సెకన్లు. నీళ్ళు పోసే ఆడకూలీ చీర కొంగయినా అంతే. “ఆపు” అని కేక వేసే వ్యవధి కూడా ఉండదు.

ఈడ్చే స్ప్రేయరుకు ఉన్న షాఫ్టు పొడవెక్కువ. దగ్గరికి తగిలించినప్పుడు దాన్ని కోసి పొట్టి చేయాలి. చేయకపోతే లిఫ్టు కదిలినప్పుడు అడుగంటి పంపునో ట్రాక్టరు గేరునో పగలగొడుతుంది. మరీ పొట్టిదయితే నడుస్తూ ఊడి గదలా తిరుగుతుంది. బాగా సాగినప్పుడు కూడా ఒక గొట్టంలో ఇంకొకటి మూడో వంతయినా ఉండాలి. ఇంజను ఆపి, లిఫ్టును పైకీ కిందికీ జరిపి ఈ సంగతి చూసుకోవాలి. షాఫ్టు కోసేటప్పుడు దాని మీది ప్లాస్టిక్ తొడుగును తీసి మూలన పారేయడం మామూలైపోయింది. తొడుగునూ అదే కొలతకు కోసి మళ్ళీ తొడగాలి. తొడుగు లేని షాఫ్టు దగ్గర నీళ్ళు పొయ్యమంటే “పొయ్యం” అనడానికి కూలికి హక్కుంది.

పవర్ థ్రెషర్లలో పడి ఎంతోమంది చేతులు పోగొట్టుకున్న తర్వాతగాని 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం రాలేదు. ఇంకెన్ని చేతులు పోవాలని ఇప్పుడు ఎదురు చూడాలి?

వీపు మీది విషం దిగింది, చేతిలోది దిగలేదు

వీపు పంపుతో మీటరు వెడల్పున కొట్టుకుంటూ పోతే ఎకరానికి 4 కిలోమీటర్లు నడవాలి. 16 లీటర్ల నీళ్ళు, పైన పంపు బరువు. తాను కొట్టిన తుంపరలోకే తాను నడవాలి. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొట్టిన కూలీలూ రైతులూ 20 మందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ బరువు వీపు దిగడం మంచిదే. యంత్రం వద్దని మనం అనం.

కానీ స్ప్రేయరును దగ్గరికి తగిలించినప్పుడు విషం డ్రైవరు వీపు వెనక్కే వచ్చింది. గాలి వెనక నుంచి వీస్తే తుంపరంతా అతని మీదే. గాలికి అడ్డంగా సాళ్ళు నడపాలి. గాలి పోయే వైపు అంచున మొదలుపెట్టి, గాలి వచ్చే వైపుకు జరుగుతూ రావాలి. అన్నిటికన్నా ప్రమాదం డబ్బా మూత తీసి చిక్కటి మందు కలపడం. పొలంలో పడేది నీళ్ళలో కలిసిన మందు. కలిపేవాడి చేతి మీద చిందేది అసలు సరుకు. తలగుడ్డ రక్షణ అనుకుంటారు గాని, తడిసిన గుడ్డ విషాన్ని ఒంటికి అంటిపెట్టి ఉంచుతుంది.

మందు కొట్టేవారికి తగిన రక్షణ దుస్తులు, ముఖానికి తొడుగులు ఉండాలని 1971 నాటి పురుగు మందుల నియమాలే చెబుతున్నాయి. అర్ధ శతాబ్దం దాటినా చాలా చేలల్లో కూలికి చేతి తొడుగు కూడా దక్కలేదు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అతి తీవ్ర విషం, పసుపు అయితే తీవ్ర విషం. చదువు రానివాడికైనా రంగు తెలుస్తుంది. చెమటలు, చొంగ, వాంతి, కంటిపాప సూది మొనంత కావడం, కండరాలు అదరడం కనబడితే బట్టలు విప్పి, సబ్బునీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డబ్బాను కూడా వెంట తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలడు. ఆ పేరు ఆసుపత్రి కాగితంలో రాయించాలి. నష్టపరిహారానికి అదే ఆధారం.

పనిదినాల మాటేమిటి?

12 నాజిళ్ళు, ఒక్కోదాని నుంచి నిమిషానికి 0.6 లీటరు, రెక్కల వెడల్పు 6 మీటర్లు, సెకనుకు మీటరు నడక. ఇలా పోతే ఎకరానికి పట్టేది 11 నిమిషాల పైచిలుకు, అయ్యే నీళ్ళు 81 లీటర్లు. మలుపులూ నీళ్ళు నింపుకోవడమూ కలిపినా అరగంట. మనిషి రోజంతా చేసే పని ఇది. నాజిల్ కింద గిన్నె పెట్టి నిమిషం పట్టి కొలిస్తే ఈ లెక్క ఎవరైనా కట్టవచ్చు. కొలవకుండా కొడితే మందు వృథా, కంపెనీకి లాభం. 1997–98లో వరంగల్ పత్తి రైతులు మందు మీద మందు కొట్టి, పురుగు చావక, అప్పు తీరక ప్రాణాలు తీసుకున్న సంగతి మనం మరచిపోలేదు.

మిగిలిన ఆ పనిదినాల కూలి ఎక్కడికి పోతోంది? కొంత ట్రాక్టరు బాడుగలోకి, కొంత రైతు ఖర్చు తగ్గుదలలోకి. బిందెలతో నీళ్ళు మోసిన ఆడకూలీల వంతు మాత్రం ఎక్కడా కనబడదు. మిగిలిన ఇద్దరు ముగ్గురికి మటుకు మందు కలిపే ప్రమాదం ముట్టజెప్పి, కూలి మామూలు రేటే ఇస్తారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లుంది మన పని.

కాబట్టి ఊరూరా సంఘాలు ఈ డిమాండ్లు ముందుకు తేవాలి:

మందు కలిపే పనికీ, మందు బండి నడిపే పనికీ ప్రత్యేక కూలి రేటు. పని మొదలవకముందే చేతి తొడుగులు, ముఖానికి తొడుగు, సబ్బు, శుభ్రమైన నీళ్ళ డ్రమ్ము.

షాఫ్టు తొడుగు, ముందు దిమ్మెలు, నిలబెట్టే కాళ్ళు లేని బండి దగ్గర పనికి పోరాదన్న కట్టుబాటు.

వ్యవసాయ పరికరాలకు ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీలో కూలీల, కౌలుదార్ల సహకార సంఘాలకు మొదటి వంతు. స్ప్రేయరు కూలి సంఘానిదైతే మిగిలిన కూలి కూడా వారిదే అవుతుంది.

ట్రాక్టరుతో చేసే సేద్యపు పనిలో ప్రమాదానికి నష్టపరిహారం 1923 చట్టంలోనే ఉంది. ఇప్పుడు దాని స్థానంలో 2020 సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. పేరు మారినా హక్కు వదులుకోరాదు. ఏ ఊళ్ళో ప్రమాదం జరిగినా సంఘం కార్మిక శాఖ అధికారుల ముందు అర్జీ పెట్టించాలి.

యజమాని యంత్రం కొనేటప్పుడు ఎన్ని లీటర్లు పడతాయి, ఎన్ని ఎకరాలు కొడుతుంది, ఎంత మిగులుతుంది అని లెక్క కడతాడు. ముందు చక్రాల మీద ఎంత బరువు మిగిలింది, షాఫ్టు మీద తొడుగు ఉందా, డబ్బా మూత ఎవరి చేత్తో తీయిస్తున్నారు అన్న లెక్క మనమే కట్టాలి. కట్టి, పనికి దిగకముందే అడగాలి. ఒక్కడు అడిగితే రేపటి నుంచి రావద్దంటారు. ఊరంతా కలిసి అడిగితే తొడుగు కొనక తప్పదు.