లినక్స్‌లో కొత్త హార్డ్‌డిస్కును అమర్చుకోవడం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కొత్త డిస్కును పాతదాని నుండి వేరుగా గుర్తించగలుగుతారు;
• దానిని వాడకానికి సిద్ధం చేయగలుగుతారు.

కొత్తగా కొన్న పొలంలో వెంటనే నాట్లు వేయలేం. హద్దులకు గట్లు వేయాలి, మడులు కట్టాలి, అక్కడికి బాట వేయాలి. కొత్త డిస్కుకూ ఇలాగే మూడు పనులున్నాయి: విభాగం చేయడం, ఫైల్ వ్యవస్థను ఏర్పరచడం, మౌంట్ చేయడం. అయితే గట్టు పొరపాటున పక్కవారి పొలంలో పడకూడదు. డిస్కు పేరు తప్పుగా ఇస్తే పాత డిస్కులోని మీ ఫైళ్లన్నీ పోవచ్చు. కనుక ముఖ్యమైన ఫైళ్లకు ముందే నకలు తీసుకోండి.

గమనిక: ఇక్కడ ఆదేశాలను తెలుగు లిపిలో ఇచ్చాం. మీరు చిన్న ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయండి. ప్రతి ఆదేశం ముందు ‘సుడో’ చేర్చండి.

1. గుర్తించడం

కంప్యూటరును ఆపి, కరెంటు తీగ తీసి, డిస్కును బిగించండి. తిరిగి ఆన్ చేసి, టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌బిఎల్‌కె’ అని టైపు చేయండి. పాతది 500 జీబీ, కొత్తది 1 టీబీ అనుకుందాం. తెరపై 465.8జి, 931.5జి అని కనిపిస్తాయి. డిస్కు తగ్గిందని కంగారు పడకండి. తయారీదారులు వెయ్యి చొప్పున, ఈ ఆదేశం 1024 చొప్పున లెక్కిస్తాయి. పరిమాణం సరిపోయి, కింద విభాగాలేవీ లేనిదే మీ కొత్త డిస్కు. దాని పేరు ‘ఎస్‌డిబి’ అనుకుందాం.

2. విభాగం చేయడం

‘ఎఫ్‌డిస్క్ /డెవ్/ఎస్‌డిబి’ అని ఇవ్వండి. తరువాత ‘జి’ నొక్కితే కొత్త విభాగ పట్టిక, ‘ఎన్’ నొక్కితే కొత్త విభాగం ఏర్పడతాయి. అడిగిన ప్రతిసారీ ఎంటర్ నొక్కండి. ‘డబ్ల్యు’ నొక్కేవరకు డిస్కుపై ఏమీ మారదు. అనుమానం కలిగితే ‘క్యు’ నొక్కి బయటకు రండి.

3. ఫైల్ వ్యవస్థను ఏర్పరచడం

‘ఎంకెఎఫ్‌ఎస్.ఇఎక్స్‌టి4 /డెవ్/ఎస్‌డిబి1’ అని ఇవ్వండి. చివరి 1 మొదటి విభాగాన్ని సూచిస్తుంది.

4. మౌంట్ చేయడం

‘ఎంకెడిఐఆర్ /డేటా’ అనే ఆదేశంతో ఒక డైరెక్టరీని సృష్టించండి. తరువాత ‘మౌంట్ /డెవ్/ఎస్‌డిబి1 /డేటా’ అని ఇవ్వండి. దీని యాజమాన్యం మొదట నిర్వాహకుడిదే. ‘సిహెచ్‌ఓడబ్ల్యుఎన్’ ఆదేశంతో దానిని మీ పేరుకు మార్చుకోండి.

5. శాశ్వతం చేయడం

కంప్యూటరును మళ్లీ ఆన్ చేస్తే ఈ మౌంట్ ఉండదు. అందుకు ‘/ఇటిసి/ఎఫ్‌ఎస్‌టాబ్’ ఫైలులో ఒక వరుస చేర్చాలి. అందులో ఎస్‌డిబి అని రాయకండి. ఆ పేరు మరోసారి మారవచ్చు. ‘బిఎల్‌కెఐడి’ చూపే యుయుఐడి సంఖ్య మారదు. ఆ వరుసలో క్రమంగా యుయుఐడి, /డేటా, ఇఎక్స్‌టి4, ‘డిఫాల్ట్స్,నోఫెయిల్’, 0, 2 రాయండి. ‘నోఫెయిల్’ ఉంటే, డిస్కు లేకపోయినా కంప్యూటరు ప్రారంభమవుతుంది. కంప్యూటరును ఆపకముందే /డేటాను ‘యుమౌంట్’ చేసి, ‘మౌంట్ -ఎ’ ఇచ్చి పరీక్షించండి. తప్పుంటే ఇప్పుడే తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎఫ్‌డిస్క్‌లో ఏ అక్షరం నొక్కాక మార్పులు డిస్కుపై పడతాయి?
2. ఎఫ్‌ఎస్‌టాబ్‌లో యుయుఐడి ఎందుకు రాయాలి?

జవాబులు: 1. డబ్ల్యు. 2. డిస్కు పేరు మారవచ్చు, యుయుఐడి మారదు.