చేయి వాలితే జబ్బున్నట్టేనా?

మీ స్నేహితుణ్ణి చేయి భుజానికి సమంగా పక్కకు చాచమనండి. అతని మోచేతి దగ్గర రెండు వేళ్లతో కిందికి నొక్కండి. చేయి దించడం కష్టం. ఇప్పుడు మణికట్టు దగ్గర నొక్కండి. ఈసారి సులభంగా దిగుతుంది. భుజం కీలుకు ఎంత దూరంగా నొక్కితే బలభ్రామకం అంత ఎక్కువ. బందుల దగ్గర కాక గడియ దగ్గర తోస్తే తలుపు తేలికగా తెరుచుకోవడం మీకు తెలిసిందే కదా!

ఇలా చేయి నొక్కి జబ్బులు కనిపెడతామనేవారు ఉన్నారు. వెన్నుపూసలను చేతులతో సర్ది చేసే వైద్యాన్ని కైరోప్రాక్టిక్ అంటారు. 1895లో అమెరికాలో డి.డి.పామర్ దీన్ని ప్రారంభించాడు. 1964లో జార్జి గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ దీనికి కండరాల పరీక్షను జోడించాడు. దాని పేరు అప్లయిడ్ కినీసియాలజీ. రోగి చేతిలోనో నాలుక మీదనో ఒక పదార్థం పెట్టి, చాచిన చేతిని నొక్కుతారు. చేయి వాలితే అది ఒంటికి పడదంటారు.

ఇందులో ప్రమాదమేమిటి? మైపాడు, తుమ్మలపెంట వంటి మన నెల్లూరు తీరపు ఊళ్లలో రొయ్యలు, చేపలు రోజూ తినే వంటకాలు. కొందరికి రొయ్యలు నిజంగానే పడవు. దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, ఒక్కోసారి ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాడికి "చేయి వాలలేదు, తినవచ్చు" అని చెబితే ఏమవుతుందో ఆలోచించండి. ఏ బాధా లేని పిల్లవాడికి "చేయి వాలింది, చేపలు మానెయ్" అంటే, ఎదిగే వయసులో మంచి మాంసకృత్తులు పోగొట్టుకుంటాడు.

మరి చేయి ఎందుకు వాలుతుంది? వాలుతుందని ముందే నమ్మినవాడు తనకు తెలియకుండానే ఒక అంగుళం అవతల, మరికాస్త గట్టిగా నొక్కుతాడు. చేయి చాచినవాడూ తెలియకుండానే పట్టు సడలిస్తాడు. ఇద్దరిలోనూ మోసం లేదు. మనం గమనించకుండానే మన ఆలోచన కండరాలను కదిలించగలదని 1852లో ఇంగ్లండు వైద్యుడు విలియం కార్పెంటర్ వివరించాడు. బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవారిని మీరు చూసే ఉంటారు. నీళ్లున్నచోట కాయ లేచి నిలబడుతుందంటారు. నిజానికి దాన్ని లేపేవి ఆ చేతి కండరాలే.

దీన్ని మా తొమ్మిదో తరగతి పిల్లలతో పరీక్షించి చూశాను. "చక్కెర పట్టుకుంటే బలం తగ్గుతుంది" అని ముందుగా చెప్పి, చక్కెర, ఉప్పు చూపించి చేతిలో పెట్టాను. దాదాపు ప్రతిసారీ చక్కెరకే చేయి వాలింది! తర్వాత ఒకేలాంటి పది పొట్లాలు కట్టించాను. ఐదింట్లో చక్కెర, ఐదింట్లో ఉప్పు. ఏది ఏదో నొక్కేవాడికీ తెలియదు, పట్టుకున్నవాడికీ తెలియదు. ఈసారి సగమే సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 1988లో అమెరికాలో అనుభవజ్ఞులైన ముగ్గురు 11 మందికి ఈ పద్ధతిలోనే పోషకాల లోపాలు పరీక్షించారు. వారి తీర్పులు ఒకరివి ఒకరితో కలవలేదు, ప్రయోగశాల పరీక్షలతోనూ కలవలేదు.

అయితే కండరాల పరీక్ష అంతా వట్టిదేనా? కాదు. కుష్ఠు వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. అందుకే ఆ రోగులను కళ్లు గట్టిగా మూయమంటారు, చిటికెనవేలు పక్కకు చాచమంటారు, పాదం పైకెత్తమంటారు. చిటికెనవేలి బలం తగ్గితే మోచేతి వెనుకగా పోయే నరానికి దెబ్బ తగిలిందేమోనని చూస్తారు. తొలిదశలోనే మందు వాడితే చాలామందికి అంగవైకల్యం తప్పుతుంది. ఆ నరం ఆ కండరానికి చేరుతుందని శరీర నిర్మాణ శాస్త్రం చూపించింది. పిడికిట్లోని పొట్లం నుంచి భుజం కండరానికి అలాంటి దారి ఏదీ లేదు.

మీరూ పది పొట్లాలు కట్టి చూడండి. ఫలితాలు నోటుపుస్తకంలో రాసుకోండి. రొయ్యలు తిన్నాక ఒళ్లు దద్దురెక్కితే మాత్రం చేయి చాచి చూసుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.