అమెరికా ఈ చివర నుంచి ఆ చివరకి: రైల్లో కొంత, రోడ్డు మీద కొంత



నేను అమెరికా వెళ్ళలేదు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత ఎవరూ వచ్చి అడక్కూడదు. కిందటి నెలలో మా సోషల్ మాస్టారు అట్లాసు నా ముందు పెట్టి, "న్యూయార్కులో బయల్దేరి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాలి. విమానం ఎక్కకూడదు. 12 రోజులు. దసరా సెలవులు అనుకో. ప్లాను వేసి పట్రా" అన్నారు. ఇదేం పెద్ద పని అనుకున్నా. స్కేలు పెట్టి రెండు ఊళ్ళ మధ్య ఒక గీత గీసి ఇచ్చేసా. మాస్టారు నవ్వలేదు. ఎర్ర పెన్నుతో నాలుగు ప్రశ్నలు రాసి తిరిగి ఇచ్చారు. రైలు ఈ గీత మీద పోతుందా? రోజుకి ఎన్ని బళ్ళు? గడియారం ఎవరిది? మధ్యలో ఎక్కడ దిగుతావు, ఎందుకు?

మొదటి మూడింటికీ జవాబు రెండు రోజుల్లో దొరికింది. నాలుగోదానికి మూడు వారాలు పట్టింది.

అమెరికాలో ఒకే బండి ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా పోదు. మన దేశంలో వివేక్ ఎక్స్‌ప్రెస్ దిబ్రూగఢ్‌లో ఎక్కితే నాలుగు వేల కిలోమీటర్లు దాటి కన్యాకుమారిలోనే దింపుతుంది. అక్కడ మన దారికి షికాగోలో మారాలి. న్యూయార్కు నుంచి షికాగోకి లేక్ షోర్ లిమిటెడ్ అనే బండి ఉంది. 959 మైళ్ళు, సుమారు 20 గంటలు. షికాగో నుంచి కాలిఫోర్నియా జెఫర్. 2,438 మైళ్ళు, అంటే 3,900 కిలోమీటర్ల పైనే. ఏడు రాష్ట్రాలు దాటుతుంది. రెండూ రోజుకి ఒక్కొక్కటే. తప్పిపోతే మళ్ళీ రేపే.

ఈ బళ్ళు నడిపే సంస్థ పేరు ఆమ్‌ట్రాక్. 1971 మే 1న మొదలైంది. బళ్ళు దానివే గానీ పట్టాలు చాలా చోట్ల గూడ్సు కంపెనీలవి. ప్యాసింజరు బండికే ముందు దారి ఇవ్వాలని చట్టం ఉంది. కానీ మైలు పొడుగు గూడ్సు ఎదురైతే అది లూపు లైన్లో పట్టదు. పట్టేది ప్యాసింజరే కాబట్టి ఆగేది కూడా ప్యాసింజరే. మన కిరండూల్ లైన్లో ఇనపరాయి గూడ్సు కోసం మనం ఎంతసేపు కూర్చుంటామో తెలుసు కదా, అదే సంగతి. అందుకని ప్లానులో రెండు రోజులు ఏ పనీ పెట్టకుండా వదిలేసాను. ఖాళీ రోజులు లేని ప్లాను ప్లానే కాదని మాస్టారు అంటారు.

ఇప్పుడు గడియారం సంగతి. జెఫర్ షికాగోలో మధ్యాహ్నం 2 గంటలకి బయల్దేరి మూడో రోజు సాయంత్రం 4 గంటల ప్రాంతంలో చివరి స్టేషను చేరుతుంది. నేను లెక్కపెడితే 50 గంటలు వచ్చింది. టైంటేబులు చూస్తే 52! రెండు గంటలు ఎవరు తిన్నారని రాత్రి స్టడీ అవర్ అంతా కొట్టుకున్నా. తేలింది ఏమిటంటే, మన దేశం మొత్తానికీ ఒకటే టైము గానీ, అలాస్కా, హవాయి వదిలేస్తే అమెరికాకి నాలుగు టైములు. పడమటికి పోతుంటే ఒక్కో గీత దాటినప్పుడల్లా గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. షికాగో నుంచి కాలిఫోర్నియాకి రెండు గీతలు. టికెట్టు మీద ఉండేది ఏ ఊరి దగ్గర ఆ ఊరి టైము.

ఈ టైములు ముందు పెట్టింది ప్రభుత్వం కాదు, రైలు కంపెనీలు. అంతకుముందు ఏ ఊళ్ళో సూర్యుడు నడినెత్తికి వస్తే ఆ ఊళ్ళో అప్పుడే 12. అలా అయితే బళ్ళు ఎలా నడుస్తాయి? 1883 నవంబరు 18న కంపెనీలన్నీ కూడబలుక్కుని టైములు మార్చేసాయి. ప్రభుత్వం చట్టం చేసింది 1918లో. నాకు ఇది భలే నచ్చింది.

పడుకునే గది తీసుకుంటే భోజనం దాంట్లోనే కలిసి ఉంటుంది, ఖరీదు ఎక్కువ. మామూలు పెట్టెలో మన స్లీపరులాగ బెర్తులు ఉండవు, వెనక్కి వాలే కుర్చీలు. 30 రోజుల రైలు పాసు ఒకటి ఉంది. దాంతో 10 ప్రయాణాలు చెయ్యవచ్చు. కానీ మధ్యలో దిగి మళ్ళీ ఎక్కితే రెండోది కింద లెక్క. మనకి మూడే అవుతాయి కాబట్టి పాసు దండగ, విడి టికెట్లు చాలు.

నాలుగో ప్రశ్నకి నేను మొదట డెన్వర్ అని రాసాను. ఎందుకు అన్న చోట, "ఎత్తులో ఉంది కనుక" అని రాసాను. ఊరు సరిగ్గా మైలు ఎత్తు. మాస్టారు దాని కింద మళ్ళీ "ఎందుకు?" అని రాసారు. అట్లాసులో డెన్వర్ నుంచి వేలు పైకి జరుపుతుంటే బ్లాక్ హిల్స్ అనే పేరు కనపడింది. నల్ల కొండలు. కొండవాళ్ళం కదా, అక్కడే వేలు ఆగిపోయింది.

ఆ కొండలు దక్షిణ డకోటా రాష్ట్రంలో ఉన్నాయి. తీరా చూస్తే ఆ రాష్ట్రానికీ, పక్కన వయోమింగ్‌కీ ప్యాసింజరు రైలే లేదు. అందుకే రోడ్డు. డెన్వర్‌లో కారు అద్దెకి తీసుకుని ఉత్తరానికి పోవాలి. నడిపేది నేను కాదు లెండి, మాస్టారే. అక్కడ బళ్ళు కుడివైపు నడుస్తాయి. ఇక్కడే అంతర్జాతీయ పర్మిట్టు తీసుకుని వెళ్ళాలి. వాళ్ళ పెద్ద రోడ్లకి బేసి నంబరు ఉంటే ఉత్తర దక్షిణాలు, సరి నంబరు ఉంటే తూర్పు పడమరలు. మనకి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మన 16వ నంబరు చెన్నై నుంచి కలకత్తా పోతుంది చూడండి. మనం ఎక్కేది 25. అది షయాన్ అనే ఊరికి తీసుకుపోతుంది. ఆ పేరు ఒక తెగది. ఊరు ఇప్పుడు వాళ్ళది కాదు, పేరు మాత్రం ఉంది.

షయాన్ దాటి, కొంచెం పక్కకి తిరిగితే ఫోర్ట్ లారమీ. ఇక్కడ దిగి చూడాలి. 1868లో అమెరికా ప్రభుత్వం సూ తెగలతో ఇక్కడ ఒప్పందం చేసుకుంది. లకోటాలు వాళ్ళల్లోవాళ్ళే. నల్ల కొండలు మీవే, వేరేవాళ్ళు రారు అని కాగితం రాసుకున్నారు. లకోటాలు ఆ కొండల్ని పాహా సాపా అంటారు, పూజ చేసుకునే చోటు. మరుసటి ఏడే, 1869 మే 10న, యూటాలో తూర్పు పట్టాలూ పడమటి పట్టాలూ కలిసాయి. రైలు వచ్చాక అడవిదున్నల్ని వేటగాళ్ళు చంపి తోళ్ళు బళ్ళకెత్తారు. కోట్ల కొద్దీ ఉన్నవి 1880ల చివరికి కొన్ని వందలు మిగిలాయి. సూ జనానికి తిండీ బట్టా గుడారమూ అన్నీ ఆ జంతువే. 1874లో సైన్యం కొండల్లోకి వెళ్ళి బంగారం ఉందని చెప్పింది. 1877లో చట్టం చేసి కొండలు తీసేసుకున్నారు. మన 1/70 లాంటి కాగితమే వాళ్ళ చేతిలోనూ ఉంది మరి.

కథ అక్కడితో అయిపోలేదు. 1980లో వాళ్ళ సుప్రీంకోర్టు, కొండలకి న్యాయమైన ఖరీదు ఇవ్వకుండా తీసుకున్నారు, వడ్డీతో కలిపి కట్టండి అంది. 10 కోట్ల డాలర్ల పైచిలుకు. సూ జనం తీసుకోలేదు. కొండ అమ్మకానికి లేదు, కొండే కావాలి అన్నారు. ఆ సొమ్ము ఇప్పటికీ ఖాతాలోనే పెరుగుతోంది, 100 కోట్ల డాలర్లు దాటింది.

దీని మీద మా రూములో పెద్ద గొడవ జరిగింది. పైన్ రిడ్జ్ అనే లకోటాల ప్రాంతం అమెరికాలోకెల్లా పేద చోట్లలో ఒకటి. "ఆసుపత్రులు కట్టుకోవచ్చు, పిల్లల్ని చదివించుకోవచ్చు, తీసుకోవాల్సిందే" అని నా స్నేహితుడు. వాడి మాట తీసెయ్యడానికి లేదు. రెండో ఆదివారం నాన్న నన్ను చూడ్డానికి వస్తే ఆయనకీ చెప్పాను. ముందు "ఎంత డబ్బు?" అనే అడిగాడు. చెప్పాను. కాసేపు చుట్ట తిప్పుతూ ఊరుకుని, "తీసుకుంటే సంతకం పెట్టాలి కదా" అన్నాడు. మా ఊరి మీది కొండకి పట్టా కోసం నాన్న ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కాడో నాకు తెలుసు. ఇంకేం అడగలేదు.

ఆ కొండల్లోనే మౌంట్ రష్‌మోర్ ఉంది. నలుగురు అధ్యక్షుల తలలు, ఒక్కోటి 60 అడుగులు, 1927 నుంచి 1941 దాకా రాయి పేల్చి చెక్కారు. లోపలికి టికెట్టు లేదు, బండి పెట్టినందుకు డబ్బు కట్టాలి. ఇది ప్లానులో ఉండకూడదని మావాడు కొట్టేసాడు. నేను మళ్ళీ రాసాను. చూడకుండా తిట్టడం నాకు రాదు. దగ్గర్లోనే క్రేజీ హార్స్ అనే లకోటా వీరుడి బొమ్మ 1948 నుంచి చెక్కుతున్నారు, ఇంకా పూర్తి కాలేదు. మర్నాడు పైన్ రిడ్జ్‌లో వూండెడ్ నీ. 1890 డిసెంబరు 29న సైన్యం అక్కడ వందల మంది లకోటాల్ని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా, కాల్చి చంపింది. అక్కడ అడగకుండా ఫోటోలు తియ్యకూడదని ప్లానులో రాసి గీత కొట్టాను. మన దింసా మధ్యలోకి కెమెరాలు పట్టుకుని తోసుకొచ్చేవాళ్ళు గుర్తున్నారు కదా.

డెన్వర్‌లో తెల్లారి దిగి అప్పుడే బయల్దేరాలని మొదట రాసాను. "రాత్రంతా కూర్చుని వచ్చినవాణ్ణి, 650 కిలోమీటర్లు నడపమంటావురా?" అన్నారు మాస్టారు. ఆ రోజు విశ్రాంతి పెట్టాను. అయిదో రోజు ప్రయాణం, ఆరు, ఏడు రోజులు కొండల్లో, ఎనిమిదో రోజు తిరిగి డెన్వర్. జనవరి అయితే ఇది కుదరదు. వయోమింగ్‌లో మంచు పడితే పెద్ద రోడ్లకి గేట్లు వేసేస్తారు.

తొమ్మిదో రోజు పొద్దున్న మళ్ళీ జెఫర్. ఎక్కిన కొంతసేపటికే రాకీ పర్వతాలు, మొఫట్ సొరంగం. 1928లో తెరిచారు, 10 కిలోమీటర్ల పొడుగు. తర్వాత గంటల తరబడి కొలరాడో నది పక్కనే. పదో రోజు సియెరా నెవాడా కొండలు దిగుతుంది. అక్కడి పాత లైను చైనా కూలీలు మంచులో రాయి తొలిచి వేసింది.

ఒక చిన్న మెలిక ఉంది. జెఫర్ శాన్‌ఫ్రాన్సిస్కో పోదు. ఎమరీవిల్ అనే ఊళ్ళో ఆగిపోతుంది, మధ్యలో సముద్రపు పాయ. అక్కడ రైలువాళ్ళ బస్సు ఎక్కి వంతెన దాటాలి. ఇది నేను కనిపెట్టింది, మాస్టారు కాదు.

ఎవరైనా చూసుకోవాలంటే దారి లైబ్రరీ అట్లాసులో పెన్సిలుతో గీసి ఉంది. లైబ్రరీ సారు చూసేలోపు చూసుకోండి, తర్వాత చెరిపేస్తాను.