మోటారుకారునకు కొలిమితిత్తి

కొలిమిలో ఎంత బొగ్గు పోసినను తిత్తి ఊదనిదే ఇనుము ఎఱ్ఱబారదు. మంటకు బొగ్గు ఎంత అవసరమో గాలియు నంతే అవసరము. మోటారు ఇంజనునకును ఇదియే న్యాయము. సిలిండరులోనికి పెట్రోలును అధికముగా పంపుట సులభము. దానిని కాల్చుటకు తగిన గాలిని చేర్చుటయే కష్టము. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. సామాన్యమైన ఇంజను, పిస్టను క్రిందికి దిగునపుడు తనంత తాను పీల్చుకొన్న గాలితోనే తృప్తి చెందును. అట్టి ఇంజనునకు తిత్తివలె గాలిని ఊది నింపు సాధనమే టర్బో. దీనికి సంస్కృత సమాసమొకటి కల్పింపవచ్చును గాని, అది పుస్తకమున నుండునే కాని మెకానిక్కు నోట నిలువదు. కావున టర్బో అనుటయే మేలు.

కామసముద్రము బంగారుపేటకును కుప్పమునకును నడుమ రైలుమార్గముపై నున్న ఊరు. ఈ కోలారు పీఠభూమి సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. ఇంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమందలి ఒత్తిడిలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులే. చెన్నపట్టణమున తిరిగిన కారే ఇచటికి వచ్చినచో, ప్రతి గుక్కలోను పదవవంతు గాలిని కోల్పోవునన్నమాట. టర్బో తొలుత విమానముల వారిని ఆకర్షించుటకు కారణ మీ లోపమే. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ పద్ధతికి పేటెంటు పొందెను. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను నతడు 14,000 అడుగులకు మించిన పైక్స్ పీక్ శిఖరముపైకి విమానపు ఇంజనును చేర్చి, దానికి టర్బో నమర్చి పరీక్షించెను. అమ్మకపు కార్లలో అది కనబడినది 1962లో, అమెరికాలోనే.

గాలిని అణచి పనిచేయించుట ఈ సీమకు క్రొత్త కాదు. 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కోలారు బంగారు గనులలో రాతిని తొలిచినది అణచిన గాలితో నడచు యంత్రములే. 1964లో స్థాపితమైన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థవారి కె.జి.యఫ్. కర్మాగారమున తయారగు బుల్డోజరుల వంటి భారీ యంత్రముల డీజిలు ఇంజనులకు టర్బో సామాన్యమైన అంగము. కాబట్టి ఈ ప్రాంతపు యువకుడు పాత కారునకు టర్బో బిగింప బూనినచో, ఆ విద్య తెలిసినవారు చేరువలోనే యుందురు.

టర్బో పనిచేయు తీరు ముచ్చట గొలుపును. ఇంజను విడుచు నిశ్వాసమే దాని ఉచ్ఛ్వాసమునకు బలమగును. వెలికి పోవు వేడిపొగ ఒక చక్రమును త్రిప్పును; అదే ఇరుసుపై రెండవ కొననున్న చక్రము బయటి గాలిని లాగి, అణచి, సిలిండరులలోనికి నెట్టును. ఈ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లు మించి తిరుగగలదు. ఇంత చేసినచో ఫలమెంత? 1987లో సుజుకి సంస్థ జపానులో ఆల్టో వర్క్స్ అను కారును విడుదల చేసెను. అది మన మారుతి 800నకు తోబుట్టువే. మారుతిలోని 796 ఘన సెంటీమీటర్ల ఇంజను దాదాపు 40 అశ్వశక్తి నీయగా, కవాటముల కూర్పు మార్చి టర్బో తొడిగిన ఆల్టో వర్క్స్‌లోని 543 ఘన సెంటీమీటర్ల ఇంజను 64 అశ్వశక్తి నిచ్చెను. పాత మారుతిని కొని షెడ్డులో నిలిపిన యువకుని ఆశకు ఆధార మిట్టి లెక్కలే.

అయితే కర్మాగారమున ఇంజను మొత్తమును టర్బోకు తగినట్లు రచింతురు. ఇంటివద్ద చేయువాడు రచింపబడిన దానిని సవరింపవలెను. మొదటి చిక్కు పొగగొట్టముల కూర్పు. దళసరి ఇనుప పలకను సిలిండరు తలపైనున్న రంధ్రములకు సరిపడ కోసి, దానికి వంచిన గొట్టములను వెల్డింగు చేయవలెను. వెల్డింగు వేడికి పలక మెలిపడును. మెలిపడినచో పొగ కారును. అందుచేత తెలిసినవారు పనికిరాని పాత సిలిండరు తలకు ఆ పలకను బోల్టులతో బిగించి, చల్లారువరకు విప్పక పనిచేయుదురు. పిదప ముఖమును చదును చేయింతురు. పెట్రోలు ఇంజను పొగ 900 డిగ్రీల వరకు వేడెక్కును. టర్బో బరువంతయు గొట్టములపైననే వ్రేలాడినచో, ఆ వేడికి అతుకులు పగులును. వేరుగా ఊత నీయవలెను. డీజిలు కారునుండి ఊడదీసిన టర్బో చవుకగా దొరకును గాని, డీజిలు పొగ అంత వేడి కాదు గనుక దాని చక్రము పెట్రోలు వేడికి తాళునో లేదో విచారింపక కొనుట పొరపాటు.

రెండవది నూనె. ఇరుసును మోయు బేరింగునకు ఇంజను నూనెయే ప్రాణము. నూనెను చేర్చు గొట్టము సన్ననిదైనను సరిపోవును; తిరిగివచ్చు గొట్టము మాత్రము లావుగా, ఎచటను పైకి వంగక, నేరుగా క్రిందికి దిగవలెను. ఏలన నూనె తన బరువుతోనే జారి క్రిందిచట్టిలో పడవలసియున్నది.

మూడవ చిక్కు వేడి. సైకిలుకు గాలికొట్టు పంపు అడుగున వేడెక్కుట చిన్నపిల్లలకు సైతము తెలియును. 30 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి అణచినచో అది 100 డిగ్రీలు దాటును. వేడిగాలితో పెట్రోలు కలిసినపుడు, నిప్పురవ్వ పుట్టిన పిదప మంట చేరకమునుపే మిగిలిన మిశ్రమము తనంత తాను ప్రేలును. మెకానిక్కులు నాకింగ్ అను నీ చప్పుడు పిస్టనుకు మృత్యుఘంట. గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరును ముందువైపున నిలుపుట, పిస్టను పైభాగమున కొంత చోటు పెంచుట, నిప్పురవ్వను కొంచెము ఆలస్యముగా పుట్టించుట, గాలితోపాటు పెట్రోలును తగినంత పెంచుట—వీటిలో ఏ ఒక్కటి లోపించినను పిస్టను కరగును. ఒత్తిడి హద్దు మీరినపుడు పొగను ప్రక్కకు మళ్లించు వేస్ట్‌గేటు తప్పనిసరి. తొలుత 0.3 బారుతో నారంభించుట మంచిది. అందులో 0.1 బారు వఱకు ఈ పీఠభూమి ఎత్తునకు చెల్లించిన బాకీయే; మిగిలినదే లాభము.

ఇక అనుమతి మాట. కోయంబత్తూరు తెలుగువారిలో ప్రసిద్ధుడైన జి.డి. నాయుడు (1893–1974) 1952లో రెండువేల రూపాయల ఖర్చుతో ఇద్దరు కూర్చుండు పెట్రోలుకారును నిర్మించెను. ప్రభుత్వము లైసెన్సు నీయనందున అది ముందుకు సాగలేదు. నేటి చట్టము మరింత స్పష్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నిర్మాతలు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని దృఢపరచెను. అదే సంవత్సరపు సవరణ ప్రకారము ఒక్కొక్క మార్పునకు ఆరునెలల వరకు ఖైదు, లేదా ఐదువేల రూపాయల జరిమానా, లేదా రెండును పడవచ్చును. నాయుడుగారి ప్రతిభకు జరిగినది అన్యాయమే యనవచ్చును. కాని పాత బ్రేకులపై రెట్టింపు బలముతో బంగారుపేట సంతరోజున బజారువీథిలో పోవు కారును తలచినచో చట్టముపై కోపము రాదు.

ఆ కోయంబత్తూరులోనే మరియొక తెలుగు కుటుంబమున జన్మించిన కరివర్ధన్ వేరొక త్రోవ త్రొక్కెను. అతడు మారుతి 800 ఇంజనుతో స్వల్పవ్యయమున పందెపు కారును రూపొందించి, 1988లో ఫార్ములా మారుతి పందెములకు పునాది వేసెను. ఆ కార్లు రోడ్డుపైకి రాలేదు. ప్రహరీ గల పందెపుబాటలపైననే పరుగెత్తెను. 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తన తొలి పందెములను ఆడినది ఈ కార్లలోనే.

కామసముద్రమున తయారగు కారునకును దారి అదియే. దానిని లారీపై నెక్కించి, శ్రీపెరుంబుదూరు చెంతనున్న ఇరుంగాట్టుకోట్టై బాటకో, కోయంబత్తూరులోని కరివర్ధన్ పేర వెలసిన బాటకో కొనిపోవలెను. నాలుగు చుట్లు తిరిగి వచ్చిన వెంటనే ఇంజనును ఆపరాదు. రెండు మూడు నిమిషములు నిదానముగా తిరుగనీయవలెను. లేనియెడల బేరింగులో నిలిచిన నూనె ఆ వేడికి మాడి బొగ్గగును.