ఒక్క గింజ చాలదు

మీ వంటింటి అరలో ఉన్న డబ్బాల మూతలు ఒకసారి వరుసగా తీసి చూడండి. బియ్యం, కందిపప్పు, పెసలు, శనగలు, నువ్వులు, ఒక మూల జాడీలో ఉసిరికాయ పచ్చడి. ఇవి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. అయితే వీటిలో ఏది, ఎవరి కంచంలోకి, ఎంత చేరుతున్నదో మనం ఎప్పుడైనా గమనించామా?

కొన్నేళ్ల క్రితం వరకు మేమూ గమనించలేదు. మా కోడలికి రెండవ కాన్పు తరువాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడు చూసినా నీరసం. ఇంటి పని, చంటిబిడ్డ, ఎవరికైనా ఉండేదేలే అనుకున్నాము. చివరకు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది అని తేలింది. డాక్టరు గారు ఇనుము మాత్రలు వ్రాసి, "ఏం తింటున్నావమ్మా?" అని అడిగారు. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "అందరూ తిన్నాక తింటానండి" అన్నది.

ఆ జవాబు మాకు ముల్లులా గుచ్చుకున్నది. అందరూ తిన్నాక మా ఇంట్లో మిగిలేది అన్నమే. పప్పు గిన్నె అప్పటికే ఖాళీ. ఆమె పచ్చడి మెతుకులు తిని, మజ్జిగ పోసుకుని, వెంటనే ఒక కప్పు టీ త్రాగి మళ్లీ పనిలో పడేది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి, ఆరు నెలలు దాటి అయిదేళ్లు నిండని పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నది. అన్నం లేకనే ఈ స్థితి వచ్చిందని చెప్పలేము. కడుపు నిండినా శరీరానికి కావలసినవన్నీ అందకపోవచ్చు.

తెల్లని బియ్యం నేర్పిన పాఠం

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో మన కోస్తా జిల్లాలలో బెరిబెరి అనే జబ్బు కనబడేది. కాళ్లు మొద్దుబారి, నీరు పట్టి, నడక కష్టమై, ముదిరితే గుండె దెబ్బతినేది. వరి అంత విరివిగా పండే చోట ఈ జబ్బేమిటి?

దీనికి జవాబు దొరకడం జావా ద్వీపంలో మొదలయింది. 1890లలో అక్కడ పనిచేసిన ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ పట్టిన బియ్యం మేసిన కోళ్లకు కాళ్లు చచ్చుబడటం, ముడిబియ్యం మేపితే అవి తిరిగి కోలుకోవడం గమనించాడు. ఇందుకు ఆయనకు 1929లో నోబెల్ బహుమతి లభించింది. బియ్యం పైపొరలో ఉండే థయామిన్ అనే బి విటమిన్ మర పట్టినప్పుడు తవుడుతోపాటు పోతుందని తరువాత తెలిసింది. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాలలో ఈ జబ్బు అరుదు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు ఆ విటమిన్ కొంత గింజ లోపలికి చేరి నిలిచిపోతుంది.

1918లో రాబర్ట్ మెక్కారిసన్ అనే వైద్యుడు నీలగిరులలోని కూనూరులో, ఒకే ఒక గదిలో, బెరిబెరిపై పరిశోధన ప్రారంభించాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మారింది. మన కంచంలోని అన్నానికీ ఆ సంస్థకూ ఇంత దగ్గర సంబంధం ఉన్నది!

జొన్నరొట్టె కూడా చాలలేదు

"అయితే బియ్యం మానేసి జొన్నలు తింటే సరి" అని కొందరనవచ్చు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత ఈ మాట మరింతగా వినబడుతున్నది. చిరుధాన్యాలు మంచివే, సందేహం లేదు. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. సజ్జలలో ఆరు మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములు దాటదు. కొన్ని చోట్ల చోళ్లని, తెలంగాణలో తైదలని పిలిచే రాగులలో అది మూడువందలకు పైగానే ఉంటుంది.

కానీ దక్కన్ పీఠభూమిలో జొన్నరొట్టె, కారం తప్ప మరేమీ దొరకని పేదలలో పెల్లాగ్రా అనే జబ్బును వైద్యులు చూశారు. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. నియాసిన్ అనే మరొక బి విటమిన్ కొరత వల్ల ఇది వస్తుంది. హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లలో దీనిపై విస్తృతంగా పరిశోధించారు. అదే జొన్నరొట్టెకు పప్పు, పాలు, వేరుశనగలు తోడైన ఇళ్లలో ఆ భయం లేదు.

చూశారా? తప్పు వరిదీ కాదు, జొన్నదీ కాదు. ఒక్క గింజ మీదనే బ్రతకడం తప్పు.

ధాన్యానికి పప్పు తోడు

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే చిన్న చిన్న భాగాల కూర్పు. బియ్యం, గోధుమ వంటి ధాన్యాలలో లైసిన్ అనే భాగం తక్కువ. పప్పులలో అది సమృద్ధిగా ఉంటుంది, కాని మెథియొనిన్ అనే మరొకటి తక్కువ. అది ధాన్యంలో ఉన్నది. రెండూ కలిస్తే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. పప్పన్నం, పెసర పులగం, ఇడ్లీ, జొన్నరొట్టెతో పప్పు – ఇవన్నీ ఇటువంటి జోడింపులే. మూడు నాలుగు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు ఉండేటట్లు చూసుకోవాలి. పలుచని పప్పుచారు దానికి సాటి కాదు.

పెసలు, శనగలు మొలకెత్తించి తింటే మరొక మేలు. ఎండు గింజలో దాదాపు లేని విటమిన్ సి మొలకలో పుడుతుంది. ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి.

చిన్న గింజలు, పుల్లని పండ్లు

పొట్టు తీయని నువ్వులలో కాల్షియం చాలా ఎక్కువ. అంతా ఒంటికి పట్టకపోయినా, అన్నంలోకి ఒక చెంచా నువ్వులపొడి మంచిదే. అవిసె గింజలలో గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వు ఉన్నది. వాటిని దోరగా వేయించి పొడి కొట్టాలి. నమలకుండా మింగిన గింజ అరగకుండానే బయటికి పోతుంది. వేరుశనగలలో బూజు పట్టినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారవేయండి. ఆ బూజు విషం కాలేయానికి హాని చేస్తుంది.

ధాన్యాలలో, పప్పులలో ఉన్న ఇనుము శరీరానికి అంత సులభంగా పట్టదు. విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. ఉసిరి, రేగు, జామ, నిమ్మ ఇందుకు ఉపయోగపడతాయి. ఉసిరికాయలో నారింజకంటే ఎన్నో రెట్లు విటమిన్ సి ఉన్నది. ఖరీదైన విదేశీ పండ్ల కోసం వెదకనక్కరలేదు. ఇక భోజనం కాగానే త్రాగే టీ దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది, ఇనుమును పట్టనీయదు. టీ త్రాగాలనుకుంటే గంటో రెండు గంటలో ఆగి త్రాగడం మేలు.

పిల్లలకు ఒక పొడి

బలహీనంగా ఉన్న పిల్లల కోసం జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన "హైదరాబాద్ మిక్స్"ను ఇంట్లోనే చేసుకోవచ్చు.

వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేయించిన వేరుశనగపప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. అన్నీ కలిపి మెత్తగా పొడి చేసి, తడి తగలని డబ్బాలో మూత బిగించి ఉంచాలి. పాలలోగాని కాచిన నీటిలోగాని జావలా కలిపి పెట్టాలి. ఈ 86 గ్రాముల పొడిలో సుమారు 330 కాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ధాన్యం, పప్పు, గింజ – మూడూ ఇందులో ఉన్నాయి.

అందరూ కలిసి

మా ఇంట్లో మేము చేసిన మార్పులు పెద్దవేమీ కావు. గంజి వార్చడం మానాము. వార్చిన గంజితో బి విటమిన్లు కూడా పోతాయి. వారంలో రెండు రోజులు సజ్జరొట్టె గాని రాగి సంకటి గాని చేస్తున్నాము. పప్పు చిక్కగా వండి, కోడలి వాటా ముందే తీసి ఉంచేవాళ్లము. తరువాత అదికూడా సరికాదనిపించి, రాత్రి భోజనానికి అందరం ఒకేసారి కూర్చోవడం మొదలుపెట్టాము. వడ్డించే పని వంతులవారీగా పంచుకున్నాము. మొదట్లో మగవాళ్లకు కొంచెం ఇబ్బంది అనిపించింది, ఇప్పుడు అలవాటయింది.

ఆమె మాత్రలు మానలేదు. అంత తగ్గిన రక్తం తిండితోనే పెరగదు. డాక్టరు చెప్పినంత కాలం మందు వాడవలసిందే. అయిదు నెలలకు హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. ఈ మధ్య చంకలో బిడ్డతో మేడ ఎక్కి, పైనుండి మమ్మల్ని పిలిచింది. ఆ గొంతులో ఆయాసం లేదు.

ఈ రాత్రి మీ ఇంట్లో భోజనాలు అయ్యేటప్పుడు ఒక్కసారి పప్పు గిన్నెలోకి చూడండి. ఇంకా తినవలసినవారు ఎవరు? వారికి ఏం మిగిలింది?