జాతికోడి

‘అసలు’ అనే మాటను తెలుగువారు రోజూ ఎన్నోసార్లు వాడుతారు. అసలు సంగతి అంటారు, అసలూ వడ్డీ అంటారు. ఇది అరబ్బీ భాషలో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. వేరు, మూలం అని దాని అర్థం. ఆ మూలం నుండే పుట్టిన మరొక మాట ‘అసీల్’. మేలైన పుట్టుక గలది, కల్తీ లేనిది అని దానికి అర్థం. మన దేశపు కోళ్లలో పేరెన్నికగన్న ఒక జాతికి ఈ పేరే స్థిరపడింది. అదే అసీలు కోడి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలు దీనికి పుట్టినిల్లు.

ప్రపంచంలోని ఇంటికోళ్లన్నింటికీ ప్రధానమైన పూర్వికుడు ఎర్ర అడవికోడి. ఈ విషయాన్ని చార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. అయితే అనేక ఇంటికోళ్లలో కనిపించే పసుపు రంగు చర్మం దక్షిణ భారతదేశంలో తిరిగే బూడిదరంగు అడవికోడి నుండి వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అడవికోడి నుండి ఇన్ని జాతులు ఏర్పడటానికి రెండు కారణాలు ఉన్నాయి. ఆయా ప్రాంతాల వాతావరణం ఒకటి, మనుషుల ఎంపిక రెండవది. తమకు నచ్చిన లక్షణాలు గల పుంజునూ పెట్టనూ ఏరి జతకట్టిస్తూ, నచ్చనివాటిని తప్పిస్తూ పోతే, కొన్ని తరాలకు ఆ లక్షణాలు పిల్లలలో స్థిరపడతాయి. తల్లిదండ్రుల పోలికలు ఇలా తరతరాలుగా నిలకడగా వచ్చే గుంపునే జాతి అంటారు.

హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యువనరుల సంస్థ మన దేశపు కోళ్ల జాతులను గుర్తించి నమోదు చేస్తున్నది. వాటిలో అసీలు ఒకటి. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు జిల్లాల ఘాగస్, ఉత్తరాంధ్రలోని డంకి, చిత్తూరు ప్రాంతపు కాళస్తి, ఒడిశాలోని హంస్లీ కూడా ఆ పట్టికలో ఉన్నాయి. ఏ జాతికి ఆ జాతి తన ప్రాంతపు ఎండకూ వానకూ అలవాటు పడినదే.

అసీలు కోడిని దూరం నుండే గుర్తుపట్టవచ్చు. అది మెడ నిక్కించి, ఛాతీ విరుచుకొని నిటారుగా నిలుస్తుంది. భుజాలు వెడల్పుగా, కాళ్లు దృఢంగా ఉంటాయి. ఈకలు పొట్టిగా, గట్టిగా ఒంటికి అంటిపెట్టుకొని ఉంటాయి. తోక కిందికి వాలుతుంది. ముక్కు పొట్టిగా, బలంగా ఉంటుంది. తలమీది ఎర్రని జుట్టు నాటుకోళ్లలో సాధారణంగా కనిపించే రంపపు పళ్ల జుట్టు వంటిది కాదు. చిన్నదిగా, బఠానీ గింజలను మూడు వరుసలుగా పేర్చినట్లు ఉంటుంది. గడ్డం కింద వేలాడే ఎర్రని తోలు దాదాపు కనిపించదు. ఈ అంగసౌష్ఠవాన్నే పెంపకందార్లు ‘తీరు’ అని చెప్పుకోవచ్చు.

తీరు ఒకటే అయినా రంగులు అనేకం. తెలుగువారు రంగును బట్టి కోళ్లకు చక్కని పేర్లు పెట్టుకున్నారు. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ. వీపుమీదగాని రెక్కలమీదగాని పసుపు ఈకలు గలది నెమలి. ఎరుపు, బూడిద రంగులు కలిసినది మైల. మెడమీద నల్లని, తెల్లని ఈకలు సమానంగా ఉన్నది పర్ల. పశుపోషణ గ్రంథాలలో నల్లని అసీలును కాగర్ అనీ, తెల్లనిదాన్ని నూరీ అనీ, నలుపు తెలుపు మచ్చలదాన్ని చిత్తా అనీ పేర్కొంటారు.

కోడిని చూడగానే కంటికి ఆనేది రంగే. అందుచేత కొత్తగా పెంపకం మొదలుపెట్టినవారు ముందు రంగునే వెతుకుతారు. నిగనిగలాడే డేగపుంజు కనిపిస్తే, దాని కాళ్లు వంకరగా ఉన్నా, రొమ్ము ఎముక సొట్ట పడినా పట్టించుకోరు. పిల్లలలో రంగు వస్తుంది, దానితోపాటు వంకర కూడా వస్తుంది. నాలుగైదు తరాలు గడిచేసరికి రంగు మిగిలి జాతి పోతుంది. అందువలన అనుభవం గల పెంపకందార్లు ఒక వరుసను పాటిస్తారు. మొదట ఆరోగ్యం, తరువాత తీరు, ఆ తరువాతనే రంగు.

పోలికలు పిల్లలకు ఎలా వస్తాయో తెలిస్తే ఈ వరుసలోని వివేకం అర్థమవుతుంది. బఠానీ మొక్కలపై మెండెల్ కనుగొన్న అనువంశిక సూత్రాలు జంతువులకు కూడా వర్తిస్తాయని 1902లో ఇంగ్లండు శాస్త్రవేత్త విలియం బేట్‌సన్ చూపించాడు. అందుకు ఆయన ఎంచుకున్న ఉదాహరణలలో కోడి జుట్టు ఒకటి. అసీలు పుంజును రంపపు జుట్టు గల పెట్టతో కలిపితే, పుట్టే పిల్లలకు బఠానీ జుట్టే వస్తుంది, కాకపోతే అంత పొందికగా ఉండదు. చూసినవారు అవి అసీలు పిల్లలే అనుకోవచ్చు. ఆ పిల్లలు పెరిగి తమలో తాము జతకడితే, సగటున నాలుగింట ఒక పిల్ల రంపపు జుట్టుతో పుడుతుంది. దాగి ఉన్న కల్తీ అప్పుడు బయటపడుతుంది. కాబట్టి ఒక కోడిని అంచనా వేయడానికి దాన్ని చూస్తే చాలదు, దాని పిల్లలను కూడా చూడాలి.

రంగు విషయంలో మరొక చిక్కు ఉంది. కోడి ఈకలకు రంగునిచ్చే పదార్థాలు ప్రధానంగా రెండే. ఒకటి నలుపును, రెండవది ఎరుపు, పసుపు ఛాయలను ఇస్తుంది. ఈ రెండూ ఏర్పడకపోతే తెలుపు వస్తుంది. ఒక రకం తెలుపు రంగు కోళ్లలో కొన్ని తరాలపాటు దాగి ఉండగలదు. అందువలన రంగుకోళ్లకు తెల్లపిల్ల పుట్టినంత మాత్రాన జాతి చెడిందని చెప్పలేము. కొన్ని రంగులు అసలు స్థిరపడవు. స్పెయిన్ దేశపు ఆండలూసియన్ కోళ్లలో నీలిరంగువి చాలా అందమైనవి. కాని నీలి పుంజునూ నీలి పెట్టనూ కలిపితే, నాలుగు పిల్లలలో సగటున రెండు మాత్రమే నీలివి. ఒకటి నల్లగా, ఒకటి మచ్చల తెలుపుగా పుడతాయి. ఎన్ని తరాలు ఎంచినా ఇంతే. వింత ఏమంటే, ఆ నల్లదాన్నీ మచ్చల తెల్లదాన్నీ కలిపితే పిల్లలన్నీ నీలివే అవుతాయి.

ఎంపిక ఒక్కరోజుతో ముగిసేది కాదు. అది గుడ్డుతోనే మొదలవుతుంది. వంకర గుడ్లను, పెంకు పలుచనివాటిని పొదుగుకు పెట్టరు. వారంలోపు పెట్టిన తాజా గుడ్లను ఎన్నుకుంటారు. 21 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. కాలివేళ్లు వంకర పోయినవాటిని, ముక్కు పై కింది భాగాలు కలియనివాటిని అప్పుడే వేరుచేస్తారు. రెండు నెలల వయసులో రొమ్ము ఎముకను చేతితో తడిమి చూస్తారు. నడకను గమనిస్తారు. ఐదారు నెలలకు తీరు స్పష్టమవుతుంది. పిల్ల నూగును చూసి రంగును నిర్ణయించడం పొరపాటు. ఆ నూగు రాలి పెద్ద ఈకలు పూర్తిగా వచ్చేదాకా అసలు రంగు తేలదు. అసీలు నిదానంగా ఎదిగే జాతి కనుక చివరి నిర్ణయం ఏడాది నిండాకనే చేయడం మంచిది. 50 పిల్లలు పెరిగితే, వాటిలో మరుతరానికి నిలిచేవి రెండు మూడు పుంజులు, పదివరకు పెట్టలు మాత్రమే కావచ్చు. మిగిలినవి ఇంటి తిండికో అమ్మకానికో పోతాయి.

లోపం లేని కోడి ఉండదు. అందువలన ఒకే లోపం గల పుంజునూ పెట్టనూ ఎన్నడూ జతకట్టించరాదు. మెడ పొట్టిదైన పెట్టకు చక్కని పొడవు మెడ గల పుంజును చూడాలి. తోబుట్టువులను పదేపదే కలిపితే గుడ్లు సరిగా పొదగవు, పిల్లలు బలహీనమవుతాయి. దీన్ని తప్పించడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. మందను మూడు కుటుంబాలుగా విడదీస్తారు. పిల్లలకు తల్లి కుటుంబమే ఇంటిపేరు. ఏటా మొదటి ఇంటి పుంజులు రెండవ ఇంటికి, రెండవ ఇంటివి మూడవ ఇంటికి, మూడవ ఇంటివి మొదటి ఇంటికి వెళ్తాయి. పెట్టలు పుట్టింటనే ఉంటాయి. కాళ్లకు రంగు వలయాలు తొడిగి, వివరాలు పుస్తకంలో రాసుకుంటే గుర్తు తప్పదు. ఎంత శ్రద్ధగా ఎంచినా, కొక్కెర తెగులుకు టీకాలు వేయించకపోతే ఏళ్ల శ్రమ కొద్దిరోజులలో తుడిచిపెట్టుకొని పోతుంది.

ఇంత శ్రమ ఎందుకని ప్రశ్న రావచ్చు. పరిశ్రమగా పెంచే కోడి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. అసీలు పెట్టేవి కొద్ది డజన్లే. కాని అసీలు పెట్ట తన గుడ్లను తానే పొదుగుతుంది. పిల్లలను కంటికి రెప్పలా కాస్తుంది. పెరట్లో దొరికినది తిని బ్రతుకుతుంది. ఎక్కువ గుడ్ల ఆశతో ఇతర పుంజులను మందలో కలిపితే, పొదిగే గుణం తగ్గిపోతుంది. ఒకసారి పోయిన గుణాన్ని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు. ఇందుకే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ మేలైన కోళ్లను రూపొందిస్తూనే, అసీలును విడిగా కాపాడుతున్నది.

అసీలు విలువ మన దేశంతో ఆగలేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంవారు అసీలును ఇతర కోళ్లతో కలిపి కార్నిష్ జాతిని తయారుచేశారు. 20వ శతాబ్దంలో ప్రపంచమంతటా వ్యాపించిన మాంసపు కోళ్లు ఆ కార్నిష్ వారసత్వం గలవే. వాటి వెడల్పు రొమ్ములో అసీలు పాలు ఉన్నది.

అసీలు అనగానే చాలామందికి పందేలు గుర్తుకు వస్తాయి. పల్నాటి వీరచరిత్రలో కోడిపందెం ఒక యుద్ధానికే దారితీసింది. రంగును బట్టి గెలుపోటములు చెప్పే కుక్కుటశాస్త్రం కూడా పుట్టింది. అయితే జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పందెం లేనిదే జాతి నిలవదనే వాదన సరికాదు. తమిళనాడులో ‘కిళిమూక్కు విసిరివాల్’ అనే అసీలు రకం ఉంది. చిలుక ముక్కు, విసనకర్ర తోక అని ఆ మాటలకు అర్థం. దాన్ని అందం కోసమే పెంచి ప్రదర్శనలలో నిలబెడుతున్నారు.

జాతిని నిలబెట్టేది చట్టాలు, సంస్థలు మాత్రమే కాదు. ఏటా ఏ గుడ్డు పొదుగుకు పెట్టాలి, ఏ పుంజును ఉంచుకోవాలి అని పెరట్లో తీసుకునే చిన్న నిర్ణయాలే దాన్ని నిలబెడతాయి. అవి సరిగా ఉన్నంతకాలం అసీలు కోడి ఉంటుంది. దానితోపాటు కాకి, డేగ, సేతు, పర్ల అనే తెలుగు పేర్లు కూడా పిలవడానికి పనికివస్తాయి.