మగ్గం ఒకటే, అట్టలు వేరు

ధర్మవరంలో పట్టుచీర నేసే మగ్గం పైన జాకార్డు ఉంటుంది. దానికి చిల్లుల అట్టలు వరసగా కుట్టి వేలాడదీస్తారు. నేతగాడు తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట సూదుల ముందుకొస్తుంది. చిల్లున్న చోట సూది దూరి, దాని కొక్కెం పడుగుపోగును పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఆ సందులోంచి పేక సాగిపోతుంది. అంచులో హంస రావాలా, మామిడిపిందె రావాలా అన్నది అట్టలే నిర్ణయిస్తాయి. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మరీ జాకార్డ్ తీర్చిదిద్దిన ఈ పద్ధతినే 1830ల్లో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రపు నమూనాలోకి తీసుకున్నాడు.

నేటి ప్రోగ్రామింగ్‌లో జెనరిక్ టైప్ అంటే అట్టలు ఎక్కించని జాకార్డే. సీ షార్ప్ భాషలోకి ఇది 2005లో వచ్చింది. ‘లిస్ట్’ అనే జాబితా కోడ్ ఒక్కసారి రాసి ఉంటుంది. హిందూపురం మార్కెట్‌కొచ్చే పట్టుగూళ్ల లాట్లకూ, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కార్లకూ, ధర్మవరం చీరలకూ అదే పనికొస్తుంది. రకమేమిటో కోడ్ రాసేటప్పుడే చెబితే కంపైలర్ కాపలా కాస్తుంది. చీరల జాబితాలో కారు వేయబోతే అక్కడే ఆపేస్తుంది.

రకం ముందుగా తెలియనప్పుడే చిక్కు. దాని పేరు సెట్టింగుల ఫైల్లోంచో, తర్వాత జతచేసిన లైబ్రరీలోంచో ప్రోగ్రాం నడుస్తుండగా వస్తుంది. అప్పుడు రిఫ్లెక్షన్ కావాలి. ప్రోగ్రాం తనలోని రకాలను తానే వెతికి చూసుకునే సదుపాయమది. ఖాళీ లిస్ట్ రకం మీద ‘మేక్‌జెనరిక్‌టైప్’ పిలిచి, దొరికిన రకాన్ని ఇస్తే పూర్తి రకం తయారవుతుంది. ‘యాక్టివేటర్’ దాన్నుంచి వస్తువును సృష్టిస్తుంది. అయితే కంపైలర్ కంటికి అది ఉత్త ఆబ్జెక్ట్. దానిమీద ‘యాడ్’ అని నేరుగా రాయనివ్వదు. కాబట్టి ‘గెట్‌మెథడ్’తో యాడ్‌ను పేరు పెట్టి వెతకాలి. ఆపైన ‘ఇన్‌వోక్’కు ఆ వస్తువునూ, అందులో వేయాల్సిన విలువనూ అందించాలి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆ యాడ్‌ను రకం పూరించని ఖాళీ లిస్ట్ దగ్గర తీసుకుంటారు. పిలవగానే ఎక్సెప్షన్ వస్తుంది. అట్టలు కట్టని మగ్గం ఎంత తొక్కినా హంస రాదు కదా! పూర్తయిన రకాన్నే యాడ్ అడగాలి. ఇంకో సంగతి, 240 కొక్కేల జాకార్డుకు 400 కొక్కేల అట్టలు పట్టవు. అలాగే జెనరిక్‌కు పెట్టిన షరతుకు సరిపోని రకాన్నిస్తే మేక్‌జెనరిక్‌టైపే ఒప్పుకోదు.

ఈ దారిలో కంపైలర్ కాపలా పోతుంది. ‘యాడ్’లో ఒక్క అక్షరం తప్పినా ఎవరూ హెచ్చరించరు, గెట్‌మెథడ్ ‘నల్’ చేతిలో పెడుతుంది. పిలిచిన మెథడ్ లోపల జరిగిన తప్పు కూడా మరో ఎక్సెప్షన్ కప్పుకుని వస్తుంది. అసలు కారణం కోసం ‘ఇన్నర్ ఎక్సెప్షన్’ తెరవాలి.

అందుకే నా మాట ఇది: రిఫ్లెక్షన్‌ను వస్తువు పుట్టించేవరకే వాడండి. లిస్ట్‌కు ‘ఐలిస్ట్’ అనే జెనరిక్ కాని ఇంటర్‌ఫేస్ ఉంది. పుట్టిన వస్తువును దానికి మార్చుకుంటే యాడ్ నేరుగా పిలవొచ్చు. మీరు రాసే జెనరిక్ క్లాసులకూ అలాంటి చిన్న ఇంటర్‌ఫేస్ మొదట్నుంచీ పెట్టండి. 2010లో వచ్చిన ‘డైనమిక్’తో రాత తేలికే గానీ, పేరు తప్పు అక్కడా ప్రోగ్రాం నడిచేటప్పుడే బయటపడుతుంది. వేలసార్లు తిరిగే లూపులో ఇన్‌వోక్ తప్పనిసరైతే, ఆ మెథడ్‌ను ఒకసారి డెలిగేట్‌గా మార్చి దాచుకుని వాడుకోండి.